రెండు వందల తేడా

వాల్పరైసోలో మా కొండకి
రెండు పెట్టెలు, ఒకటే ఉక్కుతాడు.
ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది.
కింద గేటు దగ్గర చిల్లర తీసుకునేది నేను, నోల్ఫాని,
పంతొమ్మిదేళ్లుగా.

గేటు ఎన్నిసార్లు తిరిగిందో మీటరు చెబుతుంది.
డబ్బాలో నాణేలు ఇంకోటి చెబుతాయి.
రోజూ రెండు వందల పేసోలు తక్కువ.
ఆఫీసువాళ్లు ఎన్నడూ అడగలేదు,
అడిగుంటే బావుణ్ణు, తిట్టించుకుని నిద్రపోయేదాన్ని.

"ప్రోగ్రాం రాసుకో అత్తా" అన్నాడు ఉలీసెస్, ఎంపనాడా నములుతూ.
రాయడం సరే, ఎందులో రాయాలి?

వాడు ఎక్కించిన సాఫ్ట్‌వేర్ దిగడానికే ఒక రాత్రి పట్టింది.
తెర నిండా మీటలు, మీటల కింద మీటలు,
ఓడరేవు క్రేను గదిలోకి నన్నొక్కదాన్నే ఎక్కించి తలుపేసినట్టు.
చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలట.
నా దగ్గర పాము లేదు నాయనా, రెండు నాణేలు.
ఫ్యాను ఈల వేసింది, వేసి వేసి
లాప్‌టాప్ కొండెక్కింది.
నేను కిందే ఉన్నాను.

లైబ్రరీలో డాన్ ఎరిబెర్తో ఇంకోటి చూపించాడు.
నల్లటి తెర, మిణుకుమనే ఒక గీత, అంతే.
"నిజంగా నేర్చుకునేవాళ్లు ఇందులోనే" అని గొంతు తగ్గించాడు,
దీక్ష ఇస్తున్నట్టు.
లోపలికి వెళ్లడం తెలిసింది.
బయటికి రావడం తెలీక ప్లగ్గు పీకాను.

చెప్పడం మరిచాను, నా లాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది.
నెత్తిన గీత ఉన్న న అక్షరానికి మీట లేదు.
మా భాషలో ఆ గీత తీసేస్తే
'సంవత్సరం' కాస్తా నలుగురిలో అనకూడని మాటవుతుంది.
నా మొదటి పది వరుసల్లో
ఆ మాటే నాలుగుసార్లు.
ఉలీసెస్ కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు.

మూడోది పిల్లలది.
శనివారాలు లైబ్రరీలో బడిపిల్లలకి చెప్పే ఫ్రెసియా
పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది, కొంచెం సిగ్గుపడుతూ,
"మీకు మరీ చిన్నదేమో" అంటూ.
తెరిచాను.
పైన ఒక పెట్టె, రాయడానికి.
కింద ఒక పెట్టె, జవాబుకి.
ఇంకేం లేదు.
పైనుంచి ఒకటి పంపితే కిందనుంచి ఒకటి వస్తుంది.
ఇది నాకు తెలుసు. ఇది నా ఉద్యోగం.

తప్పు చేస్తే "ఏడో వరుస చూడు" అంటుంది.
ఏడో వరుస చూస్తాను.
గుడ్లురమడం లేదు, ఎర్రదీపం లేదు,
నా వయసు అడగలేదు.

మూడు వారాల లెక్క గంటగంటకీ కొట్టాను,
పెట్టె ఎక్కడానికీ దిగడానికీ మధ్య దొరికే నాలుగు నిమిషాల్లో,
మంచులో పెలికాన్లు గేటు మీద కూర్చునుండగా.
కింది పెట్టె జవాబిచ్చింది:
ఉదయం ఏడు గంటల్లో ఒక వంద.
సాయంత్రం ఆరు గంటల్లో ఒక వంద.
ఆదివారాలు సున్నా.

రోజూ అనుకున్నాను. రోజూ కాదు.

ఆదివారం పియానోలు శృతి చేయరు.

అతని కర్ర చప్పుడు వినగానే నా చెయ్యి లేస్తుంది.
మెట్టు దగ్గర మోచెయ్యి పట్టుకుంటాను,
ఆ చేత్తోనే కదా చిల్లర తీసుకోవాలి,
రెండు పనులు ఎలా చేస్తుంది?
పదకొండేళ్లుగా చేయలేదన్న సంగతి
చేతికి తెలుసు, నాకు తెలీదు.

ప్రోగ్రాంలో అతనికొక వరుస వేశాను.
పేరు పెట్టాలిగా, అడిగాను.
"మునోజ్" అన్నాడు.
నెత్తిన గీత ఉన్న న.
మీట లేదు.
ఫ్రెసియాకి ఫోన్ చేసి ఎక్కణ్ణించి కాపీ చేయాలో అడిగి
అతికించాను.

పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంకా డెస్క్‌టాప్ మీదే ఉంది.
తీసేయలేదు.
క్రేను చూడ్డానికి బావుంటుంది, దూరంనుంచి.